వెనుక వరుసను ముందుకు తెచ్చే అర

సికింద్రాబాద్‌లో ఇల్లు చాలడం లేదన్న మాట ఎక్కువగా పుట్టేది అలమర తలుపు దగ్గరే. మారేడ్‌పల్లి, పద్మారావునగర్, సీతాఫల్‌మండి, చిలకలగూడ ప్రాంతాల్లో విడి ఇళ్లు ఒక్కొక్కటే పోయి అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. ఐదారు గదుల్లో సర్దుకున్న సామాను రెండు పడక గదుల్లోకి వచ్చి చేరుతోంది. దీనికి ఇళ్లల్లో, ఇంటీరియర్ దుకాణాల్లో అందరూ చెప్పే మందు ఒకటే: ఇంకో వార్డ్‌రోబ్ కట్టించండి, పైకప్పు దాకా కట్టించండి. ఈ మందు రోగాన్ని సరిగ్గా పట్టుకోలేదని నా అభిప్రాయం. మన అలమరల్లో చోటు తక్కువేం కాదు. ఉన్న చోటుకు చెయ్యి అందదు, కన్ను ఆనదు. అందని చోటును ఇంకొంత పెంచడం కన్నా, ఉన్నదాన్ని చేతి దగ్గరికి రప్పించడం తెలివైన పని. లోతైన అలమరలో నడుము కింది అరలను చానెళ్ల మీద, అంటే ఉక్కు పట్టాల మీద, ముందుకు జారేటట్టు చేయించుకుంటే, చాలా ఇళ్లలో కొత్త అలమర అవసరమే రాదు. అన్ని అరలకూ ఈ వైద్యం చేయిస్తే మాత్రం డబ్బు దండగ. ఏది జరపాలి, ఏది కదలకుండా ఉంచాలి అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఆ లోతు ఎక్కడిదో చూడాలి. మార్కెట్‌లో దొరికే వార్డ్‌రోబ్‌ల లోతు దాదాపు అన్నిటికీ 22 నుంచి 24 అంగుళాలు. ఈ కొలత హ్యాంగర్ నుంచి వచ్చింది. కోటు, చొక్కా తగిలించే హ్యాంగర్ వెడల్పు సుమారు 17 అంగుళాలు. దుస్తుల భుజాలు నలగకుండా తలుపు మూసుకోవాలంటే లోపల రెండడుగులు కావాలి. కడ్డీకి వేలాడదీసే బట్టలకు ఆ లోతు సరిపోయింది. మన ఇళ్లల్లో బట్టల్లో పెద్ద భాగం ఇప్పటికీ మడతపెట్టేదే: చీరలు, పంచెలు, దుప్పట్లు, తువ్వాళ్లు, పిల్లల బట్టలు. మడిచిన చీర పది అంగుళాల చోటు తీసుకుంటుంది. అంటే రెండడుగుల అరలో ఒక వరుస వెనుక ఇంకో వరుస పడుతుంది. ముందు వరుస తీస్తే తప్ప వెనుక వరుస కనబడదు. కనబడని చీర కట్టం, ఉందన్న సంగతి మరిచి ఇంకోటి కొంటాం. పట్టుచీరల విషయంలో నష్టం ఇంకా పెద్దది. జరీ ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే అక్కడే విరుగుతుంది. అప్పుడప్పుడు తీసి మడత మార్చాలని ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు చెప్తూనే ఉంటారు. వెనుక వరుసలో, కింది అరలో ఉన్న గద్వాల చీరకు ఆ యోగం పట్టదు. పాత ఇళ్లలోని గోడ అలమరలదీ ఇదే ఇబ్బంది. షాబాద్ బండో, కడప బండో గోడలో దిగేసి కట్టిన అరలు చెద పట్టవు, వంగవు, తరాలు నిలుస్తాయి. అయితే లోతు ఒకటిన్నర అడుగు దాటినప్పుడు మూలన ఉన్న వస్తువు కోసం మోకాళ్ల మీద కూర్చుని, తల లోపల పెట్టి వెతుక్కోవాల్సిందే. లోతు పద్నాలుగు అంగుళాలకు లోపే ఉన్న అలమరకు మాత్రం జారే అర అక్కర్లేదు, అక్కడ చేతికి అందనిదేమీ ఉండదు.

కదిలే అర కొత్త ఆలోచనేం కాదు. దాని చరిత్రలో రెండు పాయలున్నాయి, వాటిని కలిపి చూడటం వల్లే కొనేవాళ్లు పొరబడుతున్నారు. ఒక పాయ గ్రంథాలయాలది. 1880ల చివర బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో గ్రంథాలయాధికారి రిచర్డ్ గార్నెట్ చొరవతో పుస్తకాల ర్యాకులనే ముందుకు జరిగేటట్టు వేలాడదీశారు. 1890లో బ్రిటన్ రాజనీతిజ్ఞుడు గ్లాడ్‌స్టన్ పుస్తకాలకు చోటు చూపడం గురించి వ్యాసమే రాశాడు. ఇప్పుడు బ్యాంకుల్లో, ఆసుపత్రుల రికార్డు గదుల్లో పట్టాల మీద జరిగే ర్యాకులు ఆ వంశంలోవే. అక్కడ ర్యాకు మొత్తం జరుగుతుంది, నడవా మిగులుతుంది. లాభం అచ్చంగా చోటే. రెండో పాయ ఇంటి పనిది. 1926లో మార్గరెట్ షుట్టె లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ కార్మిక గృహాల కోసం రూపొందించిన వంటగదిలో పిండి, పప్పు, చక్కెర కోసం పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టింది. అలాంటి వంటగదులు దాదాపు పదివేలు కట్టారు. అక్కడి లాభం చోటు కాదు, ఇంటి మనిషికి తప్పే నడక, వంగుడు, వెతుకులాట. అలమరలో జారే అర ఈ రెండో వంశానికి చెందింది. దుకాణదారు ‘చోటు పెరుగుతుంది’ అంటే అది మొదటి పాయ మాట తెచ్చి రెండో దానికి అంటించడమే. నిజానికి జారే అర చోటును కాస్త మింగుతుంది కూడా. ఆ లెక్క దాచకుండా చెప్పుకోవాలి.

మూడడుగుల వెడల్పున్న అలమర తీసుకుందాం. చానెల్ బిగించడానికి రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు కావాలి. మామూలుగా దొరికే టెలిస్కోపిక్ చానెల్‌కు పక్కకు అర అంగుళం చొప్పున వదలాలి. ముందుకు జారే ట్రే పక్కలు 12 మిల్లీమీటర్లవి వేసుకున్నా, మొత్తం మీద వెడల్పులో మూడున్నర అంగుళాలకు దగ్గరగా పోతాయి, అంటే పదోవంతు. మధ్యలో నిలువు పలక పెట్టి రెండు ట్రేలు చేస్తే నష్టం ఆరోవంతుకు చేరుతుంది. అదే ఒకటిన్నర అడుగు ఇరుకు అలమరలో ఒక్క ట్రేకే ఐదోవంతు పోతుంది. అందుకే ఇరుకు అలమరలకు ఇది మంచి బేరం కాదు. వెడల్పు రెండడుగులు దాటినప్పుడు బేరం మారిపోతుంది. మూడడుగుల అలమరలో పోయేది పదోవంతు, తిరిగి చేతికొచ్చేది వెనుక వరుస మొత్తం, అంటే అరలో సగం. చోటు తగ్గుతుందన్న అభ్యంతరం నిజమే గానీ, వాడలేని సగాన్ని లెక్కలో వేసుకుని ఈ పదోవంతు గురించి బాధపడటంలో అర్థం లేదు.

ఇక బరువు సంగతి. ఇక్కడే చాలా పనులు చెడిపోతున్నాయి. చానెల్ పెట్టె మీద జత 35 కిలోలు, 45 కిలోలు మోస్తుందని రాసి ఉంటుంది. చానెల్ మోస్తుంది నిజమే, దాన్ని పట్టుకున్న స్క్రూల మాటేమిటి? ఇరవై అంగుళాల లోతు ట్రేలో 30 కిలోల బట్టలున్నాయనుకుందాం. పట్టుచీరలు ఒక్కోటి అరకిలో నుంచి కిలో దాకా తూగుతాయి కాబట్టి అది పెద్ద మాట కాదు. ట్రే పూర్తిగా బయటికి లాగినప్పుడు బరువు అలమర అంచు దాటి గాల్లో ఉంటుంది. ముందు స్క్రూలు, వెనుక స్క్రూలు పదహారు అంగుళాల ఎడంలో ఉంటే, ముందు వాటి మీద పడే భారం 50 కిలోలు దాటుతుంది, వెనుక వాటిని పైకి పెకలించే బలం 20 కిలోలు దాటుతుంది. ఈ లాగుడుకు తట్టుకునేది ప్లైవుడ్. పార్టికల్ బోర్డు తట్టుకోదు. స్క్రూ పట్టు దానికి తక్కువ, ఒకసారి చెమ్మ తగిలి ఉబ్బితే ఆ కాస్త పట్టూ పోతుంది. ప్లైవుడ్‌లోనూ ఐఎస్ 303 ముద్ర ఉన్నది మామూలు వాడకానికి, ఐఎస్ 710 ముద్ర ఉన్నది మెరైన్ రకం. స్నానాల గదికి ఆనుకున్న గోడలో అలమర ఉంటే రెండోదే వాడాలి. ట్రే అడుగు పలక విషయంలో ఇంకో లెక్క ఉంది. అదే బరువుకు పలక వెడల్పు రెట్టింపైతే వంగుడు ఎనిమిది రెట్లవుతుంది, మందం సగమైనా అంతే. అడుగుకు 6 మిల్లీమీటర్ల పలుచని షీటు వేసి పైన ఖరీదైన లామినేట్ అంటించే పని చాలా చోట్ల కనిపిస్తుంది. ఏడాది తిరక్కుండా అడుగు సంచిలా వేలాడుతుంది. పైమెరుగు మీద పెట్టే డబ్బులో కొంత అడుగు పలక మీద, చానెల్ మీద పెట్టడమే సరైన ఖర్చు. ట్రే లోతు కన్నా వెడల్పు మరీ ఎక్కువైతే ఒక మూల పట్టుకు లాగినప్పుడు అడ్డం తిరిగి బిగుసుకుంటుంది కూడా. అందుకే మూడడుగులకు మించిన వెడల్పును విడగొట్టాలి. పట్టుకునే గాడి ఎప్పుడూ ట్రే మధ్యలోనే ఉండాలి.

ఏ అరలు జరపాలి? భారతీయ స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే ఐదడుగులు. ఆ ఎత్తు మనిషి నిలబడి, వంగకుండా, చెయ్యి ఎత్తకుండా అరలో వెనుకదాకా చూడగలిగే మేర చాలా చిన్నది: నడుము నుంచి భుజం దాకా. ఆ మేరలోని అరలు కదలకపోయినా నష్టం లేదు, కంటి ముందే ఉంటాయి. భుజం పైన జారే అర పెట్టడం ప్రమాదం. లోపల ఏముందో కింద నుంచి కనబడదు, లాగితే బరువంతా తల మీదికి వస్తుంది. జారే అరకు అసలైన చోటు నేల నుంచి నడుము దాకా. అక్కడ ట్రే బయటికొస్తే పైనుంచి చూడొచ్చు, రెండు వరుసలూ ఒక్క చూపులో కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, రైల్వే నుంచో మిలిటరీ నుంచో రిటైరై ఈ ఊళ్లోనే స్థిరపడిన పెద్దవాళ్లకు ఇది సౌకర్యం కాదు, అవసరం. ఏడాదికోసారి వాడే సామానుకు ఈ మర్యాద అక్కర్లేదు. ఆషాఢంలో బోనాలకు తీసే ఇత్తడి బిందెలు, పండక్కి దించే కొలువు బొమ్మలు సజ్జ మీదే ఉండవచ్చు. రోజూ, వారానికోసారి వాడేవి మాత్రం కిందికి రావాలి. కాబట్టి ఏడడుగుల అలమరలో మూడు ట్రేలు, ఎక్కువైతే నాలుగు సరిపోతాయి. అన్ని అరలకూ చానెళ్లు వేస్తామనే కార్పెంటర్‌కు మర్యాదగా వద్దని చెప్పాలి.

సికింద్రాబాద్ పాత ఇళ్లలో ఉన్న రాతి బండల గోడ అలమరలకే ఈ పని బాగా నప్పుతుంది. ఈ మాటే చాలామందికి నమ్మబుద్ధి కాదు. బండలు పగలగొట్టి, ప్లైవుడ్ వార్డ్‌రోబ్ దింపాలనే సలహా వాళ్లకు తరచుగా దొరుకుతుంది. బండ బరువు మోసే పని ఇప్పటికే చేస్తోంది. ట్రే ముందుకు జారే పని మాత్రమే మనం కలపాలి. ఇబ్బంది గోడ దగ్గర వస్తుంది. పాత సున్నపు గార గోడ ఒక చోట ఉబ్బి, ఒక చోట లోపలికి ఉంటుంది. చానెళ్ల జత మాత్రం ముందు, వెనుక ఒకే ఎడంతో ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా పట్టేస్తుంది. అందుకని చానెల్‌ను నేరుగా గోడకు కొట్టకూడదు. ఒక అడుగు పలక, రెండు పక్కల ఐదారు అంగుళాల ఎత్తు పలకలతో మూడు వైపుల తొట్టిని బయటే, మూలమట్టం పెట్టి చేయాలి. చానెళ్లు, ట్రే అందులో బిగించి, సాఫీగా నడుస్తోందని చూశాక, మొత్తాన్ని బండ మీదికి తోయాలి. గోడకూ తొట్టికీ మధ్య ఖాళీలను బద్దలతో పూరించాలి. ఇక్కడ మరవకూడనిది ఒకటుంది. తొట్టి ఊరికే బండ మీద కూర్చుని ఉంటే, బరువైన ట్రే లాగినప్పుడు వెనుక భాగం లేచి మొత్తం ముందుకు ఒరుగుతుంది. వెనుక వైపు గోడలోకి ప్లగ్గులు దించి, పొడవైన స్క్రూలతో పట్టించాల్సిందే. సున్నపు గార పైపొర పట్టు ఇవ్వదు కాబట్టి రంధ్రం ఇటుక దాకా వెళ్లాలి. కొలత తీసుకునేది కూడా గోడ నుంచి గోడకు కాదు. ఈ అలమరలకు ముందు చెక్క చౌకట్టు ఉంటుంది, దానికి బందులు, తలుపు రెక్కల మందం ఉంటాయి. ట్రే బయటికి వచ్చేది ఆ సందులోంచే. తలుపులు తీసి ఉంచి, రెక్కల మధ్య ఎంత ఇరుకో అక్కడ కొలిచి, దానికి తగ్గించి ట్రే చేయాలి. లేకపోతే ట్రే బాగుంటుంది, తలుపుకు తగిలి రాదు. ట్రే పక్కలు మూడు నాలుగు అంగుళాల ఎత్తు చాలు, ముందు అంచు ఇంకా తక్కువైతే లోపల ఉన్నది కనిపిస్తుంది.

గోడ అలమరకు ఇంకో మేలు ఉంది, అది ఎక్కడికీ ఒరగదు. విడిగా నిలబడే అలమరల్లో రెండు మూడు బరువైన సొరుగులు ఒకేసారి బయటికి వస్తే మొత్తం ముందుకు పడిపోతుంది. అమెరికాలో పిల్లలు ఇలా చనిపోయాకే 2016లో ఫర్నిచర్ సంస్థ ఐకియా దాదాపు మూడు కోట్ల సొరుగుల బల్లలను వెనక్కి పిలిచింది. 2022 డిసెంబరులో అక్కడ దీని మీద చట్టమే వచ్చింది. అదే సంస్థ మన దేశంలో తొలి దుకాణం తెరిచింది హైదరాబాద్‌లో, 2018 ఆగస్టు 9న. అప్పటి నుంచి లాగే ట్రేలున్న వార్డ్‌రోబ్‌లు ఇక్కడి ఇళ్లకు బాగా తెలిసిపోయాయి. వాటిని గోడకు బిగించమని కంపెనీ చెప్తుంది, ఆ బిగింపు మాత్రం చాలామంది వదిలేస్తారు. ట్రేలున్న ఏ విడి అలమరనైనా గోడకు కట్టకుండా వాడకూడదు, ముఖ్యంగా పాకే వయసు, ఎక్కే వయసు పిల్లలున్న ఇంట్లో. ఇనుప బీరువాలో ఈ ప్రయోగం అసలు చేయవద్దు. గోద్రెజ్ 1923 నుంచి చేస్తున్న ఆ బీరువా పద్ధతి భద్రత కోసం పుట్టింది. దాని లోపలి రేకు అరలు కదలకుండా మోయడానికి ఉద్దేశించినవి, పక్క రేకుకు చానెల్ స్క్రూల లాగుడు మోసే మందం లేదు.

గది ఇరుకైతే ట్రే లాగడానికే చోటుండదు కదా అని అడిగేవాళ్లకు సూటిగా జవాబివ్వాలి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంట్లో ఒక నివాస గదైనా కనీసం 9.5 చదరపు మీటర్లు, దాని వెడల్పు కనీసం 2.4 మీటర్లు ఉండాలి. ఆ వెడల్పులో రెండడుగుల అలమర, ఐదడుగుల మంచం ఎదురెదురుగా వేస్తే మధ్యలో అడుగు కూడా మిగలదు. ఇరవై అంగుళాల ట్రే అక్కడ బయటికి రాదు. అలాంటి చోట జారే అర పనికిరాదని ఒప్పుకోవాలి. అయితే ఆ సందులో ఒకటిన్నర అడుగు తలుపు రెక్క కూడా తెరుచుకోదు. తప్పు ట్రేది కాదు, అలమర, మంచం వేసిన తీరుది. అదే 9.5 చదరపు మీటర్ల గదిలో పొడవు నాలుగు మీటర్లకు దగ్గరగా ఉంటుంది. అలమర పొట్టి గోడకు మారితే ముందు మూడడుగులకు పైగా ఖాళీ వస్తుంది. ట్రేకు ఇరవై అంగుళాలు, మనిషి నిలబడటానికి ఒకటిన్నర అడుగు, అంత ఉంటే చాలు.

దుమ్ము, చెమ్మ మాటేమిటంటే, సికింద్రాబాద్ వేసవి పొడి వేసవి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమ. చెక్క మీద చెక్క జారే పాతకాలపు సొరుగు వానాకాలంలో ఉబ్బి బిగుసుకునేది, ఎండాకాలంలో వదులయ్యేది. జారే అరల మీద పెద్దవాళ్లకు అపనమ్మకం అక్కడి నుంచే వచ్చింది. ఉక్కు చానెల్‌లో గుండ్ల మీద నడిచే ట్రేకు ఆ బాధ లేదు, పక్కల వదిలిన సందు వల్ల చెక్కకు చెక్క రాసుకోదు. దుమ్ము పడితే గరగరమంటుంది. దానికి గ్రీజు పూయడం తప్పు, ఇంకా దుమ్ము పట్టుకుంటుంది. పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. చెద మాత్రం నిజమైన శత్రువే. రాతి అలమరలో ప్లైవుడ్ తెచ్చి పెడుతున్నామంటే ఇంతవరకు లేని మేతను తెచ్చి పెట్టినట్టే. గోడ మూలల్లో చెద మందు కొట్టించకుండా, చెమ్మ దిగే గోడను బాగు చేయించకుండా పని మొదలుపెట్టవద్దు.

అద్దె ఇళ్లవాళ్ల సమస్య వేరు, గోడకు రంధ్రం పెట్టే హక్కు వాళ్లకు ఉండకపోవచ్చు. కింది అర నేల మీదే ఉంటుంది కాబట్టి, అందులో చిన్న చక్రాల పెట్టె చేయించుకుంటే అదే పని చేస్తుంది, ఇల్లు మారినప్పుడు వెంట వస్తుంది. ఇన్ని తంటాలు పడే బదులు పాత బట్టలు ఇచ్చేస్తే పోలేదా అనే వాదన కూడా ఉంది. అందులో న్యాయం ఉంది. కానీ ఏం ఇవ్వాలో తెలియాలంటే ఏముందో కనబడాలి, వెనుక వరుస ముందుకు వచ్చినప్పుడే అది జరుగుతుంది.

ఖర్చు భయపెట్టేంత కాదు. చానెల్ జత ధర వందల్లోనే ఉంటుంది. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో పది అంగుళాల నుంచి రెండడుగుల దాకా అన్ని పొడవులూ దొరుకుతాయి, బోయిగూడ వైపు కలప, ప్లైవుడ్. చానెల్ కొనేటప్పుడు పెట్టె మీద రాత ఒక్కటే చూడకండి. పూర్తిగా బయటికి లాగి, చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి, ఊగిసలాడితే వద్దనండి. ట్రే ముప్పావు వంతే బయటికొచ్చే రోలర్ రకం చవగ్గా ఉంటుంది, అది కొంటే వెనుక వరుసలో సగం మళ్లీ చీకట్లోనే ఉంటుంది. ఏడాదంతా వాడే అలమరలో అన్నిటికన్నా కింది రెండు అరలకు ముందు చేయించండి. ఒక వానాకాలం గడవనివ్వండి. సాఫీగా నడిస్తే మూడోది చేయించండి, కొత్త వార్డ్‌రోబ్‌కు అడ్వాన్సు ఆ తర్వాతే ఇవ్వండి.